గట్టిపడని బొమ్మ

"ఇంకా జిగురుగనే ఉందా?" షెడ్డులోకి వస్తూనే గద్దించాడు ఎల్లస్వామి.

తమ్ముడు యాదగిరి అచ్చులో వేలు పెట్టి చూశాడు. రెసిన్ తీగలా సాగింది. "అవునన్నా. ముసురు పట్టింది గదా, గట్టిపడతలేదు."

"ఇరవై ఏండ్ల సంది ఫైబర్ బొమ్మలు చేస్తానవ్, నీకు ముసురు కొత్తనా? రేపు పొద్దుగాల వినయ్ బొమ్మ చేన్ల నిలబెట్టాలె. చుట్టాలందరికి చెప్పిన."

గోడవారగా నిలబడి వింటోంది యాదగిరి భార్య నిర్మల. వినయ్ ఆమె కొడుకు. పోయిన వానాకాలం ఏటూరునాగారం అవతల వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. పీనుగు దొరకలేదు. ఏడాది నిండుతోంది, బొమ్మ నిలబెడితేనే పిల్లవాడికి శాంతి అన్నారు పెద్దలు. బొమ్మ నిలబెట్టడమంటే చచ్చాడని ఒప్పుకోవడమే కదా! కన్నతల్లి ఎట్లా ఒప్పుకుంటుంది?

హార్డ్‌నర్ పడితే రెసిన్ చూస్తుండగానే రాయైపోతుంది. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆపలేడు. చూడటానికి మాత్రం ఆ హార్డ్‌నర్ అచ్చం నీళ్లలాగే ఉంటుంది. అందుకే పొద్దున్నే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, సీసాలోదంతా మోరీలో పారబోసి నల్లా నీళ్లు నింపింది నిర్మల. పాపం, మొగుడు అదే సీసా నుంచి కలిపిందే కలుపుతున్నాడు. హార్డ్‌నర్ ఘాటుకు ఎప్పుడూ ముఖానికి రుమాలు కట్టుకునే మనిషి, ఇవ్వాళ అదీ మరిచిపోయాడు.

"సరుకే నకిలీది. ఎనుమాముల రోడ్డు మీద షాపున్నది, నేనే పోయి కొత్త సీసా తెస్త," అంటూ ఎల్లస్వామి బండి తీశాడు.

బండి చప్పుడు దూరమయ్యేసరికి నిర్మల ఉన్నచోటే కూలబడింది.

"నన్ను కొట్టు, సంపు. ఆ సీసల నీళ్లు వోసింది నేనే. ఉన్నదంత పారవోసిన. రేపు నా కొడుకు తిరిగొచ్చి, చేన్ల తన బొమ్మ తనే చూసుకుంటే ఏమైపోతడయ్యా? బావ కొత్తది తెస్తాండు. ఇగ నేనేం జెయ్యాలె?"

యాదగిరి కోప్పడలేదు. బ్రష్షు పక్కన పడేసి ఆమె దగ్గరే చతికిలబడ్డాడు. అచ్చులో కొడుకు ముఖం ఇంకా తడితడిగానే ఉంది. జేబులోంచి రుమాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు పారవోసింది గూడ నేను వోసిన నీళ్లే, నిర్మలా."