కోడిజుట్టు అంచు

రైల్లో పక్కన కూర్చున్నావిడ అడగకుండానే శాలువా అంచు పట్టుకుంది.

చిన్నకోడలి చేతిలో క్రోషే సూది ఆగిపోయింది.

"ఏమండీ! చూడాలనుంటే అడగొచ్చుగా?"

ఆవిడ నవ్వింది, మాట్లాడలేదు. అంచులోని కుట్లు వేలితో లెక్కపెట్టి కనుబొమలు ఎగరేసింది.

ఎదురు సీట్లో ఉన్న పెద్దకోడలికి ఇదంతా సరదాగా ఉంది.

"చూడనీవే. అదేమన్నా నీ సొంతమా? ఫోన్‌లో చేతులమ్మ వీడియో చూసి దించిందేగా!"

చేతులమ్మ అసలు పేరెవరికీ తెలియదు. వీడియోల్లో ముఖం కనిపించదు, మాట వినిపించదు. రెండు చేతులు, కింద నాలుగు అక్షరాలు, అంతే. తేనెపట్టు గదుల్లో, నత్తగుల్ల మెలికల్లో దాగిన లెక్కని ఊలుతో అల్లడం చిన్నకోడలు ఆ చేతులు చూసే నేర్చుకుంది. ఎంత బాగా అల్లినా ఇంట్లోవాళ్లకి అది కాపీయే.

"శాలువా నమూనా చేతులమ్మదే అక్కా. అంచు మాత్రం నాది," అంది పౌరుషంగా. "పొద్దుతిరుగుడు పువ్వులో గింజల సుడులకి ఓ లెక్కుంది. రెండు, మూడు, ఐదు, ఎనిమిది. ముందు రెండూ కలిపితే తర్వాతిది. కుట్లు ఆ లెక్కన పెంచుకుంటూ పోయా. చూడు, కోడిజుట్టు పువ్వులా ఎలా కుచ్చిళ్లు తిరిగిందో!"

"ఎవరో ఎప్పుడో పెట్టే ఉంటార్లే."

చిన్నకోడలి ముఖం చిన్నబోయింది.

ఇంతలో పక్కావిడ ఫోన్ తీసి, గబగబా ఏదో నొక్కి ఇటు చాచింది.

"ఫొటోలు తీయొద్దు!" చిన్నకోడలు శాలువా సంచిలో కుక్కేసింది.

కాదన్నట్టు చేయి ఊపి, ఆవిడ మళ్లీ ఫోన్ చాచింది. చిన్నకోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"నోరు తెరిచి అడిగితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు!" అంది, వినబడేలాగే.

తర్వాతి స్టేషన్‌లో ఆవిడ దిగిపోయింది.

వారం తిరక్కుండానే చేతులమ్మ కొత్త వీడియో వచ్చింది. అందులో అదే అంచు!

చిన్నకోడలికి ఒళ్లు మండిపోయింది.

"చూశావా అక్కా! రైల్లో ఆ మహాతల్లి నా లెక్క ఎత్తుకెళ్లి చేతులమ్మకి ఇచ్చేసింది. ఇక ఇది నాదంటే ఎవరు నమ్ముతారు?"

"ఆగవే, కింద ఏదో రాసింది." పెద్దకోడలు ఫోన్ లాక్కుని పైకి చదివింది. "'ఈ అంచు నేను కనిపెట్టింది కాదు. ఇన్నేళ్లలో ఇంత అందమైన లెక్క నా చేతికి తట్టలేదు.'"

చదువుతూంటేనే ఆమె గొంతు మారింది.

"ఒసేయ్, నీ గురించేనే! మా ఇంటి పిల్ల చేసిందని ఊరంతా చెప్తాను, ఉండు!"

చిన్నకోడలికి కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఇంట్లో ఒక్కరైనా అంటే బాగుండుననుకున్న మాట, ఏకంగా చేతులమ్మే అంది.

"ఇంకా ఏమందక్కా? చదువు."

పెద్దకోడలు చదివింది.

"'దీన్ని అల్లిన చెల్లి రైల్లో నా పక్కనే కూర్చుంది. పేరడుగుదామని ఫోన్‌లో రాసి చూపించాను, చూడలేదు. నాకు పుట్టుకతోనే మాట రాదు.'"