నోరెత్తొద్దన్న ఆర్డరు

"సార్, ఒక్కమాట..."

"ఆర్డరిచ్చాక మాటల్లేవు టఫ్నెల్! నేను చెప్పేదాకా నోరెత్తకు."

టఫ్నెల్ నోరు మూసుకున్నాడు. సైన్యంలో పద్దెనిమిదేళ్లు మేజర్ ఆష్‌బీ కింద సార్జెంటు, ఇప్పుడు ఆయనకే ఎన్నికల ఏజెంటు. ఏ కొలువులోనూ పాపం అతడి మాట పూర్తయింది లేదు.

పోయిన ఎన్నికల్లో మేజర్ ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. మూడుసార్లు లెక్కపెట్టించినా అదే ఒక్కటి. ఈసారి కూడా ఓడితే పార్టీ మళ్లీ టికెట్టివ్వదు. ఆ ఒక్క ఓటు ఎక్కడ దాక్కుందా అని ఊరి పబ్బులో ఆరా తీశాడు. పార్లమెంటు పైసభ అయిన ప్రభువుల సభలో కూర్చునే లార్డ్ వింటర్‌బర్న్ ఇలాంటి ఎన్నికల్లో ఓటేసి ముప్పై ఏళ్లయిందని తేలింది. చెప్పినవాళ్లు బీరు గ్లాసుల చాటున నవ్వుకోవడం మేజర్ కంటబడలేదు.

ఆ ఓటు పట్టుకురావాలన్న మేజర్ ఆర్డరు మీదే పోలింగు రోజు పొద్దున్నే ఇద్దరూ లార్డుగారి భవంతి ముందు నిలబడ్డారు.

"ప్రభువుగారూ, మీ ఓటు నాకే వేయాలి!" మేజర్ సెల్యూట్ కొట్టాడు.

ముసలాయన టఫ్నెల్ వైపు చూశాడు. టఫ్నెల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నేనంటూ ఓటేస్తే నీకే వేస్తాను మేజర్. ఇదిగో, ఈ కంచె మొక్కలు చూశావా, ఎలా పెరిగిపోయాయో?"

కంచె కత్తిరించేసరికి మధ్యాహ్నమైంది. తర్వాత బాతుల గూడు కడిగారు. ఆ తర్వాత బురదలో పొర్లొచ్చిన రెండు కుక్కలకు స్నానం చేయించారు. అందులో ఒకటి మేజర్ కోటుకున్న పార్టీ రిబ్బను పువ్వును నమిలి మింగేసింది.

"సార్, అసలు సంగతేంటంటే..."

"టఫ్నెల్! సబ్బు!"

అవతల ఊళ్లో ప్రత్యర్థి మిసెస్ క్లెగ్ గడప గడపా తిరిగి జనాన్ని పోలింగుకు తోలుకెళ్తోంది. మేజర్‌కు చీమ కుట్టినట్టయినా లేదు.

సాయంత్రం టీ తాగి, గడియారం చూసుకుని లేచాడు. "కారు సిద్ధం ప్రభువుగారూ! పదండి, ఓటేసొద్దాం."

ముసలాయన కప్పు కింద పెట్టాడు. "సార్జెంటూ, నువ్వు ఈయనకి చెప్పనే లేదా?"

"నోరెత్తొద్దని ఆర్డరండి."

"ఏంటది? చెప్పు టఫ్నెల్," అన్నాడు మేజర్ ఠీవిగా. "అనుమతిస్తున్నా."

టఫ్నెల్ మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు.

"ప్రభువుల సభవారికి ఈ ఎన్నికల్లో ఓటుండదు సార్!"