చేతి మీద నిలవని పక్షి

బెల్ మోగితే, అమృత బాబును చంకనేసుకుని తలుపు కొంచెమే తీసింది.

గుమ్మంలో ఎవరో పెద్దాయన. బూట్ల నిండా బురద.

"మొన్న గోదాముల వెనక పొలంలోంచి పక్షిపిల్లను తెచ్చింది మీరేనామ్మా? మీ కారు కోసం వీధివీధీ తిరిగాను."

ఆమె లోపలికి తిరిగి కేకేసింది. "ఏవండీ!"

రేవంత్ తోలు గ్లవ్ తొడిగిన చేత్తోనే వచ్చాడు. "తెచ్చాను అంకుల్. ఫాల్కన్‌లా వేటకి ట్రెయిన్ చేస్తున్నా. అయితే?"

"అది ఫాల్కన్ కాదు బాబూ, పిల్లిగద్ద. చేతి మీద నిలవదు. కళ్ళకు టోపీ పెడితే బెదిరి చస్తుంది. గడ్డి మీద కిందకిందనే తిరుగుతూ ఎలుకల అలికిడి వినడం తప్ప, నువ్వు చూపించినదాని వెంట పడదు."

"యూట్యూబ్‌లో మీకంటే బాగా చెప్తున్నారు."

"ఇరవై ఏళ్ళు డేగల్ని ఎగరేసినవాణ్ణి. గడ్డిలో నేల మీదే ఉన్న గూట్లో ఇంకా మూడు పిల్లలున్నాయి. దీన్నిస్తే తల్లి దగ్గర పెట్టేస్తాను. తొందరగా ఇవ్వండి, ఇవాళ నేనక్కడ ఉండాలి."

"ఉండండి, వద్దన్నదెవరు?"

తలుపు పడింది.

"కంప్లైంట్ ఇస్తాడేమోనండీ. ఈ దేశంలో ఉండిపోవడానికి మన పీఆర్ ఇంకా రానేలేదు..."

"ఇచ్చేవాడైతే ఇంత బతిమాలడు."

పెద్దాయన మెట్ల మీదే కూర్చున్నాడు. గంటకోసారి బెల్ కొట్టాడు. మధ్యమధ్య లేచి రోడ్డు వైపు చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

లోపల అట్టపెట్టెలో పిల్ల మూలకు ఒదిగి, నోరు తెరిచి రొప్పుతోంది. మూడో రోజు. మాంసం ముక్క ముట్టలేదు.

పన్నెండింటికి అమృత ఇక ఆగలేకపోయింది.

"వీడు ఒక్క పూట పాలు తాగకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. అది చచ్చిపోతుందండీ. ఇచ్చేద్దాం."

రేవంత్ గ్లవ్ విప్పి పక్కన పడేశాడు.

తలుపు తీయగానే పెద్దాయన పెట్టె అందుకున్నాడు. "పదండి, పదండి" అంటూ వాళ్ళ కారెక్కాడు. దారంతా పెట్టె మీద చెయ్యి తీయలేదు.

పొలం నున్నగా ఉంది. గడ్డంతా కోసేశారు.

తల్లి పక్షి ఒక్కటే అరుస్తూ, నేలకు తగిలేంత కిందగా తిరుగుతోంది.

పెద్దాయన గూడున్న చోట ఆగి, వంగి చేత్తో నేల తడిమాడు. అక్కడ ఈకలు తప్ప ఏమీ లేవు.

కోత ట్రాక్టర్ డ్రైవర్ దిగి వచ్చాడు. ఆ ఈకల్ని చూసి పెద్దాయన వైపు తిరిగాడు.

"ఏటా పిల్లలు ఎగిరేదాకా తెల్లారకముందే వచ్చి, గూటికి అడ్డంగా నిలబడి నా ట్రాక్టర్‌ను పక్కకు తిప్పించేది మీరే కదా! ఈ పొద్దున మీరు కనబడకపోయేసరికి, అన్నీ ఎగిరిపోయాయనుకున్నాను."