జానెడుకో చుక్క

“మూరెడు దూరమా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇసుకలో నీళ్లు పక్కకు పాకవురా, నిలువునా కిందికి దిగిపోతాయి. జానెడుకో చుక్క పడాలి!” కంచె బయటి నుంచి అపోండి కేకేసింది.

డ్రిప్పు పైపు పరుస్తున్న ఒచోలాకు ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ ఇదే వరస. కంచె మీద చేతులేసి పెత్తనం చేయడమే గాని, ఆవిడ లోపలికొచ్చి ఒక్క పైపు పట్టుకున్న పాపాన పోలేదు. చీలమండల దాకా నల్లమట్టి అంటుకుని ఎండిపోయిన కాళ్లతో అక్కడే పాతుకుపోయింది.

“జానెడుకోటి పెడితే పైపంతా ఇక్కడే అయిపోతుందమ్మా. అవతలి నల్లమట్టి మడికి ఏం మిగులుతుంది?”

“ఏం మిగలక్కర్లేదు. నల్లమట్టి నీళ్లు పట్టుకుంటుంది. రెండ్రోజులకోసారి నాలుగు డబ్బాలు పోస్తే చాలు.”

“వాగు నుంచి ఎవరు మోస్తారు?”

“చేతులున్నవాళ్లు మోస్తారు. నీకెందుకు?”

ఒచోలా పొరుగూరివాడు. పైపులు బిగించమని పంపిన ఆడవాళ్ల సంఘం ముందే చెప్పింది: ఇంటికి ఒక్క డ్రిప్పు సెట్టే, ఆ ఇంట్లో ఇద్దరు భార్యలు, చెరో మడి, ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. చిన్నది, పేరు అమోలో, మొన్నటిదాకా నిండు చూలుతో నీళ్లు మోసి, నిన్ననే కాన్పుకు ఆస్పత్రికెళ్లింది. వానలు రావాలంటే ఇంకా రెండు నెలలు.

న్యాకాచ్ ప్రాంతంలో విత్తనమైనా నీరైనా ముందు పెద్దభార్య మడికే. అందుకే అపోండి “ముందు ఇక్కడ” అనగానే మారు మాట అడక్కుండా పని మొదలుపెట్టాడు. ముందు అంటే ముందు, అంతేగాని మొత్తం ఊడ్చుకుపొమ్మని కాదుగా!

“పచ్చి బాలింత డబ్బాలెత్తుతుందా అమ్మా? కాస్తయినా జాలుండొద్దూ? సగం పైపు అటు వేస్తాను.”

“వేసి చూడు, సంఘంలో పెట్టి కడిగేస్తా. ఆ మూల టమాటాకు రెండు చుక్కలు పెట్టు, అది మిట్టమధ్యాహ్నానికే తల వేలాడేస్తుంది. సుకుమా ఆకుకూరకి పొద్దున కాస్త, సాయంత్రం కాస్త.”

“మొక్కల బాధ తెలుసు, మనిషి బాధే తెలీదు,” అని గొణుక్కుంటూ ఒచోలా ఆఖరి మూత బిగించాడు. పైపు ఒక్క బెత్తెడు కూడా మిగల్లేదు.

“రా, కుళాయి నీ చేత్తోనే తిప్పు. నీ ముచ్చట తీరుతుంది.”

“నువ్వే తిప్పు.”

తిప్పాడు. ప్రతి మొక్క మొదట్లో ఓ తడి మచ్చ తేలింది. అపోండి వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది, ఊపిరి పీల్చుకుంది. తర్వాత కంచె పక్కనున్న రెండు ఖాళీ డబ్బాలు అందుకుని వాగు వైపు తిరిగింది.

“ఇంతా చేయించుకుని, లోపలికొచ్చి చూసుకోవా?” ఒచోలా ఉడుక్కుంటూ అడిగాడు.

“పిలవందే సవతి మడిలో కాలు పెట్టకూడదు నాయనా.”