వాచీలో నీలవేణి

ఇంటికొచ్చే ఫోన్లను వడగట్టే ఫైర్‌వాల్ ఎవరిని అడ్డుకున్నా ఆ కబురు వంటింటి గోడ మీద అక్షరాల్లో పడేది. వారంగా పడటం లేదు. వైదేహి ఆరా తీస్తే, భర్త ఉమాపతి వాటిని తన వాచీకి మళ్ళించుకున్నాడని తేలింది. అన్నీ ఒకటే మాట: "నీలవేణి పిలిచింది, ఆపాను." నీలవేణి పెళ్ళికి ముందు అతను ప్రేమించిన మనిషి.

"నేను రానివ్వలేదు కదే!" అన్నాడు ఉమాపతి.

"రానివ్వలేదు సరే, రోజూ ఆ పేరు చూసుకుంటున్నారుగా!"

వైదేహి కబుర్లను మళ్ళీ గోడకే మార్చింది. కూర తరుగుతూ ఆ పేరు చూసి ఉడికిపోయేది. నాలుగోనాడు పేరు రాలేదు. హమ్మయ్య అనుకుంటూ అన్నం వడ్డించింది. ఉమాపతి ఖాళీ గోడ వంకే చూస్తూ, సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు. వైదేహికి అంత కడుపుమంట ఎన్నడూ కలగలేదు.