కొములత్త బరువు

మా కొండ మీద ఇప్పుడు ఇంటికో కరెంటు సైకిలు. దిగేటప్పుడు ఎంత బరువుంటే బ్యాటరీ అంత నిండుతుంది. అందుకే సంత రోజు తెల్లారేసరికి కొములత్త గుమ్మం ముందు సైకిళ్లు బారులు తీరతాయి. ఊళ్లో ఆవిడంత బరువైన మనిషి లేదు.

"అత్తా, నా సైకిలెక్కు! నీకోసం దిండు కూడా కట్టాను" అన్నాను ఆ వారం. ఎక్కింది. సంతకి చేరేసరికి బ్యాటరీ నిండిపోయింది.

తిరిగెళ్లేటప్పుడు మాత్రం అత్త ఎవరికీ గుర్తుండదు. ఏడు కిలోమీటర్లూ నడిచే కొండెక్కుతుంది. ఆవిణ్ణి ఎక్కించుకుంటే బ్యాటరీ సగం దారిలోనే అయిపోతుంది. ఇంట్లో దీపాలు వెలగాల్సింది కూడా దాంతోనే మరి.

ఆ రోజు సంతలో కొన్న ఉప్పూ సబ్బులూ సంచిలో వేసుకుని సైకిలు దగ్గరికొచ్చాను. బ్యాటరీ లేదు. పక్కనే రాయి మీద అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది.

"ఇలా ఇయ్యత్తా, పొద్దుపోతోంది."

"ఇందులో ఉన్నది నా బరువే కదరా గాసీ. నన్నొదిలేసి ఇదెలా ఎక్కుతుంది?"

"ఇద్దరం ఎక్కితే సగం దారిలో ఆగిపోతుంది."

"ఆగనీ" అంది అత్త, లేచి చీర దులుపుకుంటూ. "ఆపైన నాకు తోడుగా నడుద్దువుగాని."