చెరలో చాడీ

పర్సిస్ ఆ పాఠానికి మూడు వారాలుగా సిద్ధమవుతోంది.

అమెరికాలో నోవై ఊరి తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల క్లాసు ఉంటుంది. ఈసారి అంశం, బైబిల్ కాలంలో బబులోను రాజు పట్టుకుపోయాక చెరలో యూదుల బతుకు. బయట మంచు కురుస్తున్నా పాతికమంది దాకా వచ్చారు. ఆమె భర్త జూడ్ కుర్చీలు సర్దాడు. కాఫీ ఫ్లాస్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏసుపాదం అంకుల్ వచ్చాడు," అన్నాడు ఆమె చెవిలో. "గట్టిగా తగిలేలా చెప్పు."

"తగులుతుందిలే," అంది పర్సిస్.

ఆమె తమ్ముడు కెన్నీ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఉద్యోగం పోయింది. వీసా గడువు దాటింది. అక్క ఇంట్లో బేస్‌మెంట్‌లో ఉంటూ గ్యాస్ స్టేషన్‌లో పనికి కుదిరాడు. ఎవరో ఇమిగ్రేషన్ వాళ్లకి ఉత్తరం రాశారు. ఆఫీసర్లు తిన్నగా కౌంటర్ దగ్గరికే వచ్చి తీసుకెళ్లి, ఇండియాకి పంపేశారు. నర్సాపురం చేరాక కెన్నీ మళ్లీ మనిషి కాలేదు. నిరుడు పోయాడు. గ్రీన్‌కార్డ్ పేపర్లు పెండింగ్‌లో ఉండి, పర్సిస్ పిడికెడు మట్టి వేయడానిక్కూడా వెళ్లలేకపోయింది.

ఆ ఉత్తరానికి ముందు నెలలోనే కెన్నీ సంఘపెద్ద ఏసుపాదంతో గొడవపడ్డాడు. అందుకే అనుమానం ఆయన మీద పడింది. పైకి ఎవరూ అనలేదు. ఆయన, భార్య లూసీ కూర్చునే వరసలో మాత్రం ఇంకెవరూ కూర్చోవడం మానేశారు.

మూడు వారాల కిందట లాయర్ దగ్గరనుంచి ఆ ఉత్తరం కాపీ వచ్చింది. సంతకం మీద నల్లరంగు పూసి ఉంది. చేతిరాత మీద పూయలేదు. అది పర్సిస్ బాగా ఎరిగిన రాత.

ఎవరికీ చెప్పలేదు. ఏడవలేదు. కూర్చుని పాఠం రాసుకుంది.

"చెర అంటే గొలుసులేసి గదుల్లో పెట్టడం అనుకుంటాం," అని మొదలుపెట్టింది. "కాదు. కాలవల పక్కన ఊళ్లిచ్చారు. మట్టి ఇటుకలతో ఇళ్లు కట్టుకున్నారు. ఖర్జూరం తోటలు పెంచారు, శిస్తు కట్టారు. పిల్లలకి ఆ దేశపు పేర్లు పెట్టారు. విశ్రాంతి దినాన ఎవరో ఒకరింట్లో కూడుకునేవారు."

"అచ్చం మనలాగే," అంది లూసీ.

"మనలాగే ఆంటీ. ఇక్కణ్నుంచి చెప్పేది మాత్రం ఎక్కడా రాసి లేదు. నేను అల్లుకున్నది."

గొంతు సవరించుకుంది.

"రాజుగారి కాలవ పని వదిలేసి ఒక యువకుడు ఆ ఊరికి పారిపోయి వచ్చాడు. మనవాడని దాచారు. ఒకడికి మాత్రం గుండెల్లో గుబులు. వీడు దొరికితే నా తోట పోతుందేమో, నా కొలువు పోతుందేమో అని. చాటుగా వెళ్లి అధికారికి చెప్పాడు. ఆ వారం అందరితోపాటు కూర్చుని, ఆ యువకుడి కోసం ప్రార్థన కూడా చేశాడు."

ఒక్కో తలా ఏసుపాదం వైపు తిరిగింది. ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు. పర్సిస్ ఆ చూపుల్ని ఆపలేదు.

"ఆ మనిషిని ఏం చేయాలి?"

"వెలివేయాలి," అన్నాడు జూడ్, అందరికంటే ముందు. "అలాంటివాడికి క్షమాపణ ఏంటి?"

అవునన్నట్టు గది గుసగుసలాడింది. ఏసుపాదం మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు.

"అమ్మా పర్సిస్, దేవుడి ముందు చెబుతున్నాను, నేను..."

"కూర్చోండి అంకుల్. ఇంకొక్క ప్రశ్న." ఆయన భార్య వైపు తిరిగింది. "ఆంటీ, అతనికి భార్య ఉంటుంది కదా. ఆమె ఏం చేయాలి?"

ఇలా మొహం మీదే అడుగుతుందని ఎవరూ అనుకోలేదు. లూసీ మొగుడి వైపు చూసింది. చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నలభై ఏళ్ల కాపురం. ఈయన రాయలేదని నాకు తెలుసు," అంది. "రాసుంటే మాత్రం, ఆ ఇంట్లో మరి ఒక్క పూట అన్నం ముట్టనమ్మా."

"థాంక్స్ ఆంటీ. మిమ్మల్ని అడిగి మంచి పని చేశాను."

పర్సిస్ నోట్స్ మూసింది. అందరి కళ్లూ ఇంకా ఏసుపాదం మీదే ఉండగా, బ్యాగులోంచి తాను ఇక అడుగుపెట్టబోని ఇంటి తాళాలు తీసి, తిన్నగా నడిచి వెళ్లి జూడ్ ఒళ్లో పెట్టింది.